మూడిటుకల పీట

నేను చేసిన మొదటి పీట పగిలిన మధ్యాహ్నం, నా భార్యను చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చాను. ఆమె చేతిలో గరిటె ఉంది, గరిటె నిండా పప్పు ఉంది. నేను "బయటికి, బయటికి" అని అరుస్తూనే ఉన్నాను. ఎదురింటివాళ్ళు భూకంపమనుకుని పిల్లాపాపలతో సహా బయటికొచ్చారు. నా భార్య తమ్ముడు ఆ వేళ మా ఇంట్లో భోజనానికి కూర్చుని ఉన్నాడు. వాడు మాత్రం కంచం ముందు నుంచి లేవలేదు. కాసేపటికి తీరిగ్గా చెయ్యి కడుక్కుని గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"పీట పలిగింది బావా. ఇల్లు మంచిగనే ఉన్నది. లోపటికి రాండ్రి" అన్నాడు.

నవ్వేవాళ్ళు నవ్వండి. ముప్పై ఒక్క ఏళ్ళు భూమి లోపల టింబర్‌మన్‌గా పని చేసినవాడికి చెక్క టప్పుమంటే కాళ్ళు ఆగవు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడే టింబర్‌మన్. నేను గనిలో దిగిన కొత్తలో అంతా కట్టే, రిటైరయ్యే నాటికి చాలావరకు ఇనుము. నన్నడిగితే ఇనుముకు బలం ఉంది గానీ నోరు లేదు. కట్టె అలా కాదు. బరువు పడగానే ముందు కిర్రుమంటుంది, తర్వాత టప్పుమంటుంది, ఆ తర్వాతే విరుగుతుంది. ఆ రెండు చప్పుళ్ళ మధ్య పరుగెత్తి బతికినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందులోనూ పచ్చి కట్టె ఇంకా మేలు. అది వంగుతుంది, మూలుగుతుంది, మనకు సమయమిస్తుంది. ఎండిపోయిన దుంగ చెప్పాపెట్టకుండా విరుగుతుందని మాకు పని నేర్పిన పెద్దలు చెప్పేవారు.

ఆ నమ్మకంతోనే నా మొదటి పీటను పచ్చి వేప చెక్కతో చేశాను. కరెంటు తీగలకు అడ్డం వస్తోందని మా వీధిలో ఒక వేపకొమ్మ నరికారు. లావుపాటి కొమ్మ. రసం కారుతుండగానే ఇంటికి తెచ్చి, కోసి, చెక్కి, వారం తిరక్కుండా పీట నిలబెట్టాను. రిటైరయ్యాక నేను చేసిన మొదటి వస్తువు అది. గర్వంగా తెచ్చి ఇంటి నడిమధ్య పెట్టుకున్నాను. మే నెల ఎండ దాని పైతడిని ఒక్కసారిగా లాగేసుకోవడంతో, లోపల పచ్చిగా ఉండగానే నిలువునా చీలింది. పీట తప్పేమీ లేదు. దాని పద్ధతిలో అది నాకు చెప్పే విరిగింది.

ఇంతకీ పీట ఎందుకంటే, పాట కోసం.

మా బస్తీ చర్చిలో ముందంతా చాపలు, వెనక గోడ వారన నాలుగైదు ప్లాస్టిక్ కుర్చీలు. చాపల మీద ముందు వరసలో కూర్చునే ఆడవాళ్ళు పాట ఎత్తుకుంటారు, మిగిలినవాళ్ళం అందుకుంటాం. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఎత్తుకునే గొంతు నా భార్యది. పోయినేడు ఆమె మోకాళ్ళు మొరాయించాయి. కింద కూర్చోవద్దని దవాఖానలో డాక్టరమ్మ కచ్చితంగా చెప్పేసింది. ఇక చేసేదేముంది, ఆమె వెనక కుర్చీకి మారింది. వెనక నుంచి పాట ఎత్తుకుంటే ముందున్నవాళ్ళకు అందదు. అందేలోపే ముందు వరసలో ఒక చిన్న టీచరమ్మ ఇంకో శ్రుతిలో మొదలుపెట్టేస్తుంది. ఆ పిల్ల మంచిదే, గొంతూ మంచిదే. కాకపోతే ఎక్కడో మేఘాల మీద ఎత్తుకుంటుంది, రెండో చరణానికి మగవాళ్ళమంతా నోళ్ళు మూసుకోవాల్సిందే.

కుర్చీనే ముందుకు వేసుకోవచ్చు కదా అంటారు. నేనూ అన్నాను.

"అందరు కింద కూసుంటె నేనొక్కదాన్ని గద్దె మీద కూసోవాల్నా? వెనకోళ్ళకు నా వీపు తప్ప ఏం కనపడ్తది?" అంది.

తమ్ముడు అంగడికి పోయి ఒక ప్లాస్టిక్ పీట తెచ్చాడు, నీలం రంగుది, స్నానాల గదుల్లో వేసుకునేది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బట్టలుతికే పీట మీద కూసోని దేవుని పాటలు పాడాల్నారా?" అని వాడి చేతిలోనే పెట్టేసింది. ఆ పీట ఇప్పుడు మా స్నానాల గదిలోనే ఉంది.

అదీ నవ్వులాటగానే సాగిపోయేదేమో. కానీ నెమ్మదిగా ఆమె ఇంట్లో కూడా పాడటం మానేసింది. బియ్యం ఏరుతూనో, బట్టలు ఆరేస్తూనో ఏదో ఒక కూనిరాగం తీస్తూ ఉండే మనిషి. నేను సెకండు షిఫ్టుకు పోయే రోజుల్లో ఆ రాగం విని ఈమె వంటింట్లో ఉందో పెరట్లో ఉందో చెప్పగలిగేవాణ్ణి. ఇప్పుడు ఇంట్లో ఉన్నదో లేదో కూడా తెలియకుండా పోయింది. వానలు తగ్గాక స్త్రీల ఆదివారం వస్తుంది. ఆ రోజు ఆరాధన అంతా ఆడవాళ్ళే నడుపుతారు. "ఈసారి పాటలు చిన్నోళ్ళే చూసుకుంటరట. మంచిదే గదా" అని ఆమె చాలా మామూలుగా అంటే, నాకు నిజంగా భయం వేసింది. ఆ ఆదివారం లోపల ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టాలని ఆ రోజే అనుకున్నాను.

చెక్కపని సరదాగా నేర్చుకోవాలనుకునేవాళ్ళు నన్ను అడుగుతుంటారు, మొదట ఏం కొనాలని. మొదట ఏమీ కొనవద్దు. మొదట ఇటుకలు పేర్చండి. మేం అదే చేశాం. పెరట్లో ఇటుకలు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, పైన గొంగడి మడతపెట్టి ఆమెను కూర్చోబెట్టాను. రెండిటుకల మీద కూర్చుంటే లేవలేకపోయింది. నాలుగిటుకల మీద హాయిగా ఉందిగానీ, వెనక చాప మీద నేను కూర్చుని చూస్తే ఆమె తల తప్ప ముందేమీ కనబడలేదు. మూడిటుకలు సరిగ్గా సరిపోయాయి. అంటే జానెడు ఎత్తు. చేసే వస్తువు ఎవరి కోసమో ఆ మనిషిని కూర్చోబెట్టి, లేపి, మళ్ళీ కూర్చోబెట్టి కొలత తీసుకోవాలి. ఇటుక తీసేస్తే పోయేదేమీ లేదు, కోసిన చెక్కను మాత్రం తిరిగి అతికించలేం.

కొలత కుదిరింది, పీట పగిలింది, పరువు పోయింది. పగిలిన పీటను సంచిలో వేసుకుని ఒక ముసలి వడ్రంగి దగ్గరికి పోయాను. ఆయన రేకుల షెడ్డు మా బస్తీ చివర ఉంటుంది. నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని కిందికి పోయే ఊళ్ళలో ఇళ్ళు విప్పుతున్నప్పుడు పాత తలుపులూ దూలాలూ కొని తెచ్చి, వాటితో కొత్త సామాను చేస్తాడు. నా పీట ముక్కను చేతిలోకి తీసుకుని దవడకు ఆనించుకున్నాడు.

"సల్లగున్నది. పచ్చి కట్టె" అన్నాడు.

"పచ్చిదే మంచిదన్నా. చెప్పి విరుగుతది" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏంది, నీ పీట మీద కూసున్నోళ్ళు ఉరకాల్నా?"

ముప్పై ఒక్క ఏళ్ళ నా అనుభవం ఆ ఒక్క ప్రశ్నతో సంచిలోకి పోయింది. అయినా ఆయన నన్ను పొమ్మనలేదు. ఎండిన చెక్కను ఎలా గుర్తుపట్టాలో ఆ రోజే చెప్పాడు. దవడకు ఆనిస్తే చల్లగా తగిలేది ఇంకా తడిది. వేలి కణుపుతో కొడితే తడిది దబ్బుమంటుంది, ఎండినది ఖంగుమంటుంది. నమ్మకం కుదరకపోతే ఒక ముక్కను కిరాణా కొట్టు కాంటా మీద వారం వారం తూచమన్నాడు. బరువు తగ్గడం ఆగిన రోజు అది ఎండినట్టు. తర్వాత షెడ్డులో గోడకు ఆనించి ఉన్న పాత టేకు తలుపు రెక్కను చూపించాడు. ఎవరి ఇంటిదో, ఏ ఊరిదో. పసుపు పూసిన మరకలు ఇంకా ఉన్నాయి. గడియ తిరిగీ తిరిగీ ఒకచోట రంధ్రం అంచులు గవ్వలా నున్నగా అయ్యాయి. ఆ రెక్కలో రెండే వెడల్పు పలకలున్నాయి.

"రెండు పీటలైతయి. ఒకటి చెడగొట్టుకున్నా ఒకటి మిగుల్తది" అన్నాడు. చెడగొడతానని ఆయనకు ముందే తెలుసు.

పనిముట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రిటైరైన ఉత్సాహంలో నేను ఒక పెద్ద పెట్టె కొన్నాను, తెరిస్తే దవాఖానలో ఆపరేషన్ బల్లలా మెరిసిపోయేది. బామ్మర్ది ఆ ఓపెన్‌కాస్టులోనే డంపరు లారీ నడుపుతాడు కాబట్టి మెషీన్ అంటే ప్రాణం, వాడు పక్కనుండి మరీ కొనిపించాడు. వడ్రంగి ఆ పెట్టెలో నుంచి సన్న పళ్ళ రంపం, రెండు ఉలులు, ఒక రంద, ఒక గుణియ మాత్రమే తీసి పక్కన పెట్టాడు. రంద అంటే చెక్కను నున్నగా పట్టే పనిముట్టు, గుణియ అంటే మూల సరిగ్గా ఉందో లేదో చూసేది. పెట్టె మూసేసి, ఒక సానరాయి కొనుక్కోమన్నాడు. నాకు కోపమొచ్చింది. మూడు రోజులు ఉలి నూరడం తప్ప ఇంకో పని చెప్పకపోయేసరికి ఇంకా కోపమొచ్చింది. నాలుగో రోజు ఆ ఉలి నా ముంజేతి వెంట్రుకలను గీసుకుంటూ పోయింది. అప్పుడు టేకు మీద పెడితే చెక్క వెన్నలా లేచింది. పదును లేని ఉలికి బలం పెడతాం. బలం పెడితే జారుతుంది. జారితే ఏమవుతుందో నా ఎడమ బొటనవేలు చూపించి చెప్పగలను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చెక్క మీద ఎంతసేపు గడుపుతారో, సాన మీద అందులో సగమైనా గడపాలి.

ఇక రెండో పీట. కాలి పైకొసను సన్నగా చెక్కుతాం, దాన్ని కుసి అంటారు. పీట చెక్కకు రంధ్రం తొలిచి, ఆ కుసి అందులోంచి పైకి వచ్చేలా దూర్చుతాం. కుసి నెత్తిన రంపంతో ఒక గాటు పెట్టి, ఆ గాటులో వెడ్జి కొడతాం. వెడ్జి అంటే ఒకవైపు పలచగా, ఒకవైపు మందంగా ఉండే చెక్క చీలిక. అది దిగిన కొద్దీ కుసి విచ్చుకుని రంధ్రంలో బిగుస్తుంది. మేకు అక్కర్లేదు, జిగురు కూడా పేరుకే. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. వెడ్జి కొట్టడం నాకు నేర్పాలా? గనిలో దుంగకూ కప్పుకూ మధ్య నేను కొట్టిన వెడ్జిలు పేరిస్తే మా బస్తీ అంతటికీ కప్పు వేయొచ్చు.

మా పనిలో ఒక అలవాటు ఉంది. వెడ్జి బిగిశాక కూడా ఇంకొక్క దెబ్బ కొడతాం. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు. "బిగిసేదాంక కొట్టేది కంపెనీ కోసం. ఆఖరి దెబ్బ ఇంటోళ్ళ కోసం." పెళ్ళి కాని రోజుల్లో మా అమ్మను తలచుకుని కొట్టేవాణ్ణి. పెళ్ళయ్యాక నా భార్యను. పైకి ఎవరం ఏమీ అనేవాళ్ళం కాదు. ఆ చీకట్లో ప్రతివాడూ ఒక్క క్షణం ఆగి, ఒక ముఖాన్ని తలచుకుని, సుత్తి దించేవాడు. ఎన్ని వేల దుంగల మీద ఆమె పేర కొట్టానో లెక్క లేదు. ఆ సంగతి ఆమెకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గు.

రెండో పీటకు మూడు కాళ్ళు బిగించాను. నాలుగోదానికి వెడ్జి దిగింది, బిగిసింది. చెయ్యి అలవాటు చొప్పున పైకి లేచింది. ఆమె పెరట్లోకి టీ తెస్తోంది. ఆమెను చూస్తూనే, ఆమె పేరనే, ఇంకొక్క దెబ్బ కొట్టాను.

పీట ఈ చివరి నుంచి ఆ చివరికి చీలింది.

ఈసారి నేను ఎవరినీ వీధిలోకి లాక్కుపోలేదు. కాళ్ళు కదిలితే కదా. ఆమె టీ గ్లాసు నా పక్కన పెట్టి, రెండు ముక్కలనూ ఒకసారి చూసింది. ఎగతాళి చేస్తే బాగుండేది. "పోనీ తియ్యి. వెనక కుర్చీ నాకు అలవాటయింది" అంది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ నీళ్ళకు మళ్ళీ నా మీద నాకే కోపమొచ్చింది. సుత్తిని తీసుకెళ్ళి గోడ మూలకు విసిరేశాను. స్త్రీల ఆదివారం ఇంకా నాలుగు వారాలుంది. పలక ఒక్కటే ఉంది.

మర్నాడు వడ్రంగి ఆ ముక్కలను జోడించి చూసి, నేను చేసిన రెండు తప్పులూ వరసగా చెప్పాడు. మొదటిది వెడ్జి దిక్కు. పీట చెక్కలో నార ఎటు పోతోందో చూసుకోవాలి. వెడ్జి ఆ నారకు అడ్డంగా ఉండాలి, దాని వెంబడి ఉండకూడదు. వెంబడి పెడితే అది కుసిని బిగించే పని మానేసి కట్టెలు చీల్చే గొడ్డలి పని చేస్తుంది. గనిలో ఆ బాధ లేదు, పైనున్నది రాయి. ఆ మాట తలకెక్కాక నా చేతులను నేనే తిట్టుకున్నాను.

"రెండోది దెబ్బ" అన్నాడు. "గనిల కప్పును రాడ్‌తోని కొట్టి ఇంటరు గదా, గట్టిగున్నదా డొల్లగున్నదా అని?"

"ఇంటం."

"మరి వెడ్జి కొట్టేటప్పుడు చెవులు ఇంట్ల పెట్టచ్చినవా? అది బిగిసినంక గొంతు మారుస్తది. మారినంక కొట్టేది నీ కావరం."

కావరం కాదన్నా అని ఆ ఆఖరి దెబ్బ సంగతి చెప్పాను. ఇంకెవరికీ చెప్పని సంగతి ఆయనకెందుకు చెప్పానో తెలియదు. ముసలాయన సానరాయి మీద నీళ్ళు చల్లుకుంటూ, "కప్పు కింద ఆ దెబ్బ ఉండాలె. పీటకు ఒద్దు" అన్నాడు.

ఆ వారమంతా పనికిరాని ముక్కల మీద వెడ్జిలు కొట్టాను, కళ్ళు మూసుకుని. మొదట్లో చప్పుడు మెత్తగా, లోపలికి మింగుతున్నట్టు ఉంటుంది. దిగిన కొద్దీ పలచనవుతుంది. ఉన్నట్టుండి ఒక దెబ్బకు గొంతు తేలి ఖంగుమంటుంది. ఆ ఖంగు విన్న చోట ఆగిపోవాలి. ఇరవై ముక్కల్లో ఒక్కటి కూడా చీలలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు నా ప్రాణం కాపాడిన చెవి నాతోనే ఉంది, దాన్ని అడగాలని నాకే తట్టలేదు. ఆ సాయంత్రం ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాను.

మూడో పీటకు గడియ రంధ్రమున్న పలక. ఆ రంధ్రాన్ని పూడ్చాలని మొదట అనుకున్నాను. ఆమె అందులో రెండు వేళ్ళు దూర్చి పలకను అవలీలగా ఎత్తింది. "ఇది ఉండనియ్యి. పట్టుకపోవడానికి మంచిగుంటది" అంది. అలా ఎవరి ఇంటి గడియో మా పీటకు చేతిపట్టు అయింది. తొడలకు ఒరుసుకోకుండా ముందు అంచును రందతో గుండ్రంగా పట్టాను. కాళ్ళు కొంచెం బయటికి వాలి ఉంటే పీట తూలదు. ఆ వాలు నాలుగింటికీ ఒకేలా రావడానికి అట్టముక్క ఒకటి కత్తిరించుకుని, వడ్రంగి దగ్గర అడిగి తెచ్చిన బర్మా పక్కన నిలబెట్టుకుని రంధ్రాలు తొలిచాను. ఖరీదైన పనిముట్టు లేని చోట అట్టముక్క చాలా మేలు చేస్తుంది.

బిగించే రోజు ఆమెనే పట్టుకోమన్నాను. రెండు చేతులతో పీటను అదిమి పట్టుకుంది. మొదటి వెడ్జి, ఖంగు, ఆగాను. రెండోది, మూడోది. నాలుగోదానికి ఖంగుమన్నాక కూడా చెయ్యి దానంతటదే పైకి లేచింది. గాల్లో సుత్తి, కింద ఆమె చేతులు. ఆమె తలెత్తి చూసింది. నేను దించలేదు. నెమ్మదిగా సుత్తిని నేల మీద పెట్టేశాను.

"ఏమైందయ్యా?" అంది.

చెప్పేశాను. ఆఖరి దెబ్బ సంగతి, అది ఎవరి పేరనో, ఎన్నేళ్ళ నుంచో.

ఆమె పీటను ఒకసారి నిమిరి, "ఇన్నేండ్ల సంది నా పేరు మీద సుత్తితోని కొట్టుకుంట ఉంటె, నా మోకాళ్ళు పోక ఇంకేమైతయి?" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వీ నవ్వీ ఆమె కళ్ళు తుడుచుకుంది. నేను సామాను సర్దుతున్నట్టు అటు తిరిగాను.

పని అయిపోయిందనుకోకండి. చెక్కపని చేసేవాళ్ళలో సగం మంది పాలిష్ దగ్గర తప్పటడుగు వేస్తారు, నేనూ వేశాను. మెరవాలని వార్నిష్ పూసి పెరట్లో ఆరబెట్టాను. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయింది, కిటికీలు ఎప్పటిలాగే ఒకసారి గలగలమన్నాయి. సాయంత్రానికి నా పీట మీద నల్లటి గరుకు కాగితం అతికించినట్టుంది. బామ్మర్ది వచ్చి వేలితో రాసి చూశాడు.

"మా దుమ్మే బావా. కంపెనీది. ఫ్రీగ ఇచ్చినం" అన్నాడు.

వాణ్ణే కూర్చోబెట్టి ఆ వార్నిషంతా గరుకు కాగితంతో గీకించాను. బొగ్గుదుమ్ము పడే మాలాంటి ఊళ్ళలో నూనె మేలు. హార్డ్‌వేర్ షాపులో లిన్సీడ్ ఆయిల్ అని అడిగితే అవిసె నూనె ఇస్తారు. బట్టతో పలచగా రుద్దాలి, పావుగంట ఆగి పైన మిగిలినదంతా తుడిచేయాలి, రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. ఇలా మూడుసార్లు. పైన జిడ్డు నిలవదు కాబట్టి దుమ్ము పడినా దులిపితే పోతుంది. తుడిచిన నూనె గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు. బొగ్గు కుప్ప దానంతటదే వేడెక్కి రాజుకోవడం మేం కళ్ళారా చూసినవాళ్ళం, నూనె గుడ్డ కూడా అంతే. విప్పి, బయట తీగ మీద ఆరేయండి.

చివరి పరీక్ష తెల్ల చీర. స్త్రీల ఆదివారం ఆడవాళ్ళంతా తెల్ల చీరలు కడతారు. పీట మీద తెల్ల చేతిరుమాలు పరిచి, దాని మీద నేనే కూర్చుని అటూ ఇటూ కదిలాను. శనివారానికి రుమాలు తెల్లగానే ఉంది. కాళ్ళు సమంగా ఉన్నాయో లేదో చూడటానికి పీటను చర్చికే మోసుకుపోయి షాబాదు బండల మీద పెట్టాను. ఒక కాలు కొంచెం లేచింది. సన్న చెక్కముక్క మీద పెన్సిల్ పడుకోబెట్టి నాలుగు కాళ్ళ చుట్టూ ఒకే ఎత్తులో గీత గీసి, గీత మీద కోశాను. ఇక తూగలేదు.

ఆదివారం పొద్దున ఆమె పీటను ఎవరికీ ఇవ్వలేదు. నాకు కూడా. గడియ రంధ్రంలో రెండు వేళ్ళు దూర్చి, తెల్ల చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, చాపల మధ్య నుంచి ముందు వరసకు నడిచింది. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. చిన్న టీచరమ్మ లేచి పీట అందుకోబోతే వద్దని తలూపింది. పీట పెట్టింది, కూర్చుంది. మగవాళ్ళ వైపు నుంచి నేను మెడ చాచి చూశాను. చుట్టూ ఉన్నవాళ్ళ కంటే జానెడు ఎత్తులో ఉంది, అంతే. వెనకున్న అవ్వకు కూడా ముందంతా కనబడుతోంది. నేను మాత్రం చెక్క కిర్రుమంటుందేమోనని వింటూ కూర్చున్నాను. అది నోరెత్తలేదు.

టీచరమ్మ పాటల పుస్తకం మూసి ఆమె వైపు చూసింది. ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది. అదే గొంతు, అందరికీ అందే శ్రుతి. రెండో చరణానికి మగవాళ్ళ గొంతులన్నీ లేచాయి, వెనక కుర్చీల్లో ఉన్న ముసలివాళ్ళవి కూడా. నా పక్కన బామ్మర్ది మోచేత్తో పొడిచి, "బావా, మీ పీట పాడుతున్నదే" అన్నాడు. వాడి కళ్ళు కూడా తడిగా ఉన్నాయి. నేను గెలిచాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

నేను చర్చిలో చప్పట్లు కొట్టే మనిషిని కాను. గనిలో పని చేసినవాళ్ళకు అనవసరపు చప్పుళ్ళంటే గిట్టదు. కానీ ఆ పాట చివరికొచ్చేసరికి నా కుడి చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఈసారి దాన్ని ఆపలేదు. ఆమె పేర, పీటకు కొట్టకుండా మిగిల్చుకున్న ఆ ఒక్క దెబ్బను నా ఎడమ అరచేతిలో కొట్టాను. అంత దూరం నుంచి అది ఆమెకెలా వినబడిందో గానీ, పీట మీది నుంచి తిరిగి చూసింది.